మినహాయింపుల జాబితా

ప్రయోగానికి మనుషులను ఎంచుకునే రోజుల్లో ఇందుమతి వచ్చినవాళ్లను ముందుగా రోగం గురించి అడిగేది కాదు. "మీ ఫోన్ ఒకసారి ఇస్తారా?" అనేది. తెర పై అంచున చిన్న నెలవంక గుర్తు ఉందో లేదో చూసేది. సగం మందికి ఆ గుర్తు దేనికో తెలియదు. హనుమకొండలోని ఆ ప్రయోగశాలకు వచ్చిన ఒక రిటైర్డు పోస్ట్‌మాస్టరు ఫోన్‌లో అది మూడు నెలలుగా వెలుగుతూనే ఉంది. కూతురు తనను మరిచిపోయిందని ఆయన ఆ మూడు నెలలూ లోలోపల కుమిలిపోయాడు. ఇందుమతి తెరను వేలితో కిందికి లాగి, నెలవంక మీద నొక్కి ఆర్పేసి, మిస్డ్ కాల్స్ తెరిచి చూపించింది. కూతురు పేరు అరవై ఒక్కసారి ఉంది. ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు.

"ఇది డు నాట్ డిస్టర్బ్ గుర్తు సార్. వెలిగితే ఎవరు చేసినా మీకు మోగదు. కావాల్సినవాళ్ల పేర్లు మినహాయింపుల్లో పెట్టుకుంటే వాళ్లవి మాత్రం మోగుతాయి. పెట్టనివాళ్లైనా పావుగంటలో రెండోసారి చేస్తే మోగేటట్టు పెట్టుకోవచ్చు" అని ఆమె ఆయనకు రెండుసార్లు చెప్పి, కాగితం మీద రాసిచ్చింది.

ఆ నెలవంక చేసే పనిని మనిషి తలలో చేయించాలన్నది ప్రొఫెసర్ విద్యాధర్ పట్టుదల. కొందరికి ఒక గొంతు తలలో ఆగకుండా మోగుతుంది. మనిషి పోయినా, సంగతి ముగిసినా గొంతు పోదు. అట్లాంటివాళ్ల చెవి వెనక రూపాయి బిళ్లంత పట్టీ ఒకటి అతికిస్తారు. ఫలానా గొంతు జ్ఞాపకంలో లేవబోతోందనగానే పట్టీ పసిగట్టి, మెదడులో అది నడిచే దారిని మెల్లగా మూసేస్తుంది. పట్టీకి ఫోన్‌తో జత. ఫోన్‌లో దానికి వేరే నెలవంక ఉంటుంది. అది వెలిగితే దారి మూసినట్టు, ఆరితే తెరిచినట్టు. దాని కిందే మినహాయింపుల జాబితా. ఇందుమతి వినికిడి శాస్త్రం చదివింది. ఏ గొంతు ఎట్లా ఉంటుందో గీతలుగా గీయించి, పట్టీకి నేర్పించడం ఆమె పని. పదమూడు మందికి అట్లా నేర్పించింది. పద్నాలుగోవాడు ఆమె భర్త.

సారంగపాణి పదకొండేళ్లుగా అంబులెన్సు కాల్‌సెంటర్‌లో ఫోన్లు ఎత్తే ఉద్యోగి. రెండేళ్ల కింద ఒక మధ్యాహ్నం, పల్లెటూరి నుంచి ఎనిమిదో తొమ్మిదో ఏళ్ల పిల్ల ఫోన్ చేసింది. తల్లిని పాము కరిచింది. ఊరి పేరు చెప్పింది. ఆ పేరుతో రెండు మండలాల్లో రెండు ఊళ్లున్నాయి. మండలం అడగకుండా సారంగపాణి తెర మీద ముందు కనిపించినదాన్ని నొక్కాడు. బండి ముప్పై కిలోమీటర్లు అటువైపు పోయింది. ఆ పిల్ల లైను పెట్టెయ్యకుండా నలభై నిమిషాలు ఉండిపోయింది. ఉండుండి ఒకటే మాట అడిగింది.

"సార్, ఎక్కడిదాంక వచ్చిన్రు?"

"వస్తున్నరు బిడ్డా, దగ్గర్లనే ఉన్నరు" అని ఆయన చెప్తూనే ఉన్నాడు. నిజంగా వస్తున్నారనే అనుకున్నాడు. పొరపాటు తెలిసేసరికి ఆ తల్లికి బండి అవసరం లేకుండా పోయింది.

విచారణ జరిగింది. ఒక హెచ్చరిక కాగితం ఇచ్చి ఊరుకున్నారు. ఆ పిల్ల గొంతు మాత్రం ఆయన్ను వదల్లేదు. అన్నంలో చెయ్యి పెట్టినప్పుడు, గడ్డం గీసుకునేటప్పుడు, బండి మీద సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు, "సార్, ఎక్కడిదాంక వచ్చిన్రు?" అని వినిపించేది. మందులు వాడాడు, డాక్టర్లను మార్చాడు, శబరిమలకు పోయొచ్చాడు. చివరికి ఒకరోజు భార్యకు చెప్పకుండా ప్రయోగశాలకు వచ్చి విద్యాధర్ ముందు కూర్చున్నాడు.

ప్రయోగం చేసేవాళ్ల ఇంటి మనుషులను తీసుకోకూడదన్నది నియమం. ఇందుమతి ఆ మాట అన్నది కూడా. కానీ ఎదురుగా కూర్చున్న మనిషి ఏడాదిలో ఎనిమిది కిలోలు తగ్గిన తన మనిషి. నమోదు పుస్తకంలో బంధుత్వం అని ఉన్న గడిని ఆమె ఖాళీగా వదిలేసింది.

మరో చిక్కు వచ్చింది. పట్టీకి నేర్పించడానికి గొంతు నమూనా కావాలి. కాల్‌సెంటర్ రికార్డులు బయటికి ఇవ్వరు.

"ఆ గొంతు ఎట్లుంటది?" అని అడిగింది ఇందుమతి.

సారంగపాణి నేల చూస్తూ చెప్పాడు. "మన రుత్విక గొంతు లెక్కనే ఉంటది. అందుకే నాకు ఇంత బాధ కావచ్చు."

ఆదివారం నాడు ఇందుమతి తమ తొమ్మిదేళ్ల కూతురు రుత్వికను ప్రయోగశాలకు తీసుకొచ్చి, ఇదొక ఆట అని చెప్పి మైకు ముందు కూర్చోబెట్టింది. "సార్, ఎక్కడిదాంక వచ్చిన్రు?" అని పిల్ల ఇరవైసార్లు అన్నది. ఒకసారి నవ్వుతూ, ఒకసారి ఏడుపు గొంతుతో, ఒకసారి గుసగుసగా. గాజు గోడ అవతల సారంగపాణి ఒక చేత్తో తల పట్టుకుని, ఏది దగ్గరగా ఉందో రెండో చేతి వేళ్లతో చూపించాడు. చివరగా ఇందుమతి ఆయన ఫోన్‌లో మినహాయింపుల జాబితా తెరిచి మొట్టమొదటి పేరుగా రుత్విక అని చేర్చింది. పేరు పక్కన నక్షత్రం గుర్తు వెలిగింది. అంటే ఆ గొంతును ఎన్నడూ ఆపదు. ఇందుమతి ఆ నక్షత్రాన్ని నమ్మింది.

పట్టీ పెట్టిన మూడో రోజు సారంగపాణి ఇంకో గరిటె అన్నం అడిగాడు. వారానికి ఇంట్లో వేలాడుతున్న బరువు ఏదో దిగినట్టయింది. కూరగాయల బండివాడితో బేరమాడాడు, మేడ మీద కుండీల్లో గోంగూర వేశాడు. ఫోన్ చూసుకుని, "ఆ నెలవంక ఉన్నంతసేపు నా తల నా చేతుల ఉన్నట్టుంది ఇందూ" అన్నాడు. రోజూ కొన్ని గంటలు దాన్ని ఆర్పి ఉంచాలని నియమం. ఆ గంటల్లో కూడా ఆయన ఆర్పడం మానేశాడు. ఇందుమతి చూసి కూడా ఏమీ అనలేదు.

నెల దాటాక రుత్విక ఒక సాయంత్రం వంటింట్లోకి వచ్చింది.

"అమ్మా, నాన్న నా మాట ఇంటలేడు."

"పనిల ఉన్నడేమో. ఏమడిగినవ్?"

"ఏమడిగినా ఇంటలేడు. ముందలికి పోయి నిలవడితేనే చూస్తడు."

ఆ రోజు ఫోన్ చేసినా నాన్న ఎత్తలేదని కూడా చెప్పింది. ఇందుమతికి నవ్వొచ్చింది. మామూలు ఫోన్ నెలవంక సంగతి కూతురికి విప్పి చెప్పింది. డ్యూటీలో ఉన్నప్పుడు నాన్న దాన్ని పెట్టుకుంటాడు, కంగారు పడొద్దు, పావుగంటలోపల రెండోసారి చేస్తే పోతుంది అన్నది. రుత్విక రెండు వేళ్లు చూపించి, "రెండుసార్లు" అని గుర్తుపెట్టుకుంది. ఇందుమతి ఉల్లిపాయలు తరుగుతూ ఆ సంగతి అక్కడే మరిచిపోయింది.

ఆ తర్వాతి ఆదివారం ప్రయోగశాలలో పనుండి ఆమె పొద్దున్నే పోయింది. సారంగపాణికి సెలవు. మధ్యాహ్నం ఒంటిగంటకు ఆమె తిరిగొచ్చి మెట్లెక్కుతుంటే, వెనక ఇంట్లో రాళ్లు కోసే మిషన్ రొద మధ్య, బొంగురుపోయిన గొంతొకటి వినిపించింది. రెండో అంతస్తుకు వచ్చేసరికి అది తన ఇంట్లోంచేనని తెలిసింది. ముందుగదిలో సారంగపాణి నేల మీద పేపరు పరుచుకుని, చిక్కుడుకాయల ఈనెలు తీస్తున్నాడు. ముఖం నిమ్మళంగా ఉంది.

"తొందరగ వచ్చినవే" అన్నాడు.

"పాప ఏది?"

"కింద వాళ్లింట్ల ఆడుకోను పోయినట్టుంది."

ఆయనకు పది అడుగుల దూరంలో స్నానాలగది తలుపు లోపలినుంచి ఊగుతోంది. గడియ బిగుసుకుపోయింది. "నాన్నా, నాన్నా" అని పిలుపు. ఇందుమతి తలుపు వైపు చెయ్యి చూపించింది. ఆయన తలుపు ఊగడం చూసి లేచాడు. గొంతు విని కాదు.

స్క్రూడ్రైవరుతో తలుపు మడతబందులు ఊడదీశాడు. రుత్విక తడి గౌనుతో గోడకు ఆనుకుని ఉంది. అరచేతులు కందిపోయి ఉన్నాయి. పదకొండు గంటలకు లోపలికి పోయింది. రెండు గంటలసేపు పిలిచింది. ఇప్పుడు తండ్రి ముఖంలోకి చూసి ఏదో అన్నది. సారంగపాణి కూతురి పెదవులు కదలడం చూశాడు, తర్వాత భార్య వైపు తిరిగాడు.

"ఏమంటాంది ఇందూ? నాకు మాట ఇనవడ్తలేదు."

రుత్విక తల్లిని పట్టుకుంది. "ఫోన్ల రెండుసార్లు చేస్తే పోతదన్నవ్ గదమ్మా. నేను మస్తుసార్లు పిలిచిన."

మర్నాడు ప్రయోగశాలలో ఆయన్ను గాజు గది లోపల కూర్చోబెట్టి, కూతురి గొంతు రికార్డు వినిపించారు. తెర మీద, ఆ గొంతు మెదడులో ఎంతదాకా పోతోందో చూపించే గీత చెవి దగ్గర చక్కగా లేచింది. అక్కడినుంచి లోపలికి రెండు మెట్లు ఎక్కింది. మూడో మెట్టు దగ్గర నేలలాగా చదునైపోయింది. నెలవంక ఆర్పి చూశారు. పట్టీనే తీసేసి చూశారు. గీత లేవలేదు. నక్షత్రం వెలుగుతూనే ఉంది. జాబితా తన పని తాను చేసింది. కానీ ఏ గొంతు అక్కర్లేదో రోజుల తరబడి పట్టీ చూపిస్తే మెదడు నేర్చుకుంది. నేర్చుకున్నాక పట్టీతో పని లేకుండా తానే మూసుకోవడం మొదలుపెట్టింది. తిరిగే ఫ్యాన్ చప్పుడును మనిషి ఎట్లా వినకుండా వింటాడో, ఆయన కూతురిని అట్లా విన్నాడు. నేర్పించిన నమూనా ఎవరి గొంతో ఇందుమతికి ఎవరూ గుర్తు చెయ్యాల్సిన పని లేకపోయింది.

ప్రయోగం ఆపాలంటే, "పది రోజులు ఆగండమ్మా" అన్నారు విద్యాధర్. ఆ వారంలోనే ఢిల్లీ నుంచి పెద్దలు ప్రయోగం చూడటానికి వస్తున్నారు. "మిగిలిన పదమూడు మంది బాగానే ఉన్నామంటున్నరు కదా."

"అంటున్నరు సార్. ఏది వినపడటం లేదో అది వినపడటం లేదని వాళ్లకెట్ల తెలుస్తది?"

ఆయన నిజంగానే బాధపడుతూ, "పైకి కాగితం పెడితే ముందు మీ పేరే వస్తది. ఆ ఖాళీ గడి మీదే కదా" అన్నారు.

"నాదే సార్."

ఆ మధ్యాహ్నం ఆమె నివేదిక రాసింది. భర్తను చేర్చుకున్న సంగతి, కూతురి గొంతు వాడిన సంగతి, నెలవంక ఆర్పకపోయినా ఊరుకున్న సంగతి, ఏదీ దాచలేదు. తర్వాత వరుసగా పదమూడు మందికీ ఫోన్ చేసి పట్టీ తీసెయ్యమని చెప్పింది. పన్నెండు మంది ఒప్పుకున్నారు. ములుగు దిక్కు నుంచి వచ్చిన ఒక రైతు భార్య ఒప్పుకోలేదు. ఆమె కొడుకు బావిలో పడ్డప్పుడు పెట్టిన కేకను ఆపడానికి ఆమెకు పట్టీ పెట్టారు.

"ఆ కేక పోయింది మేడం. దానెంబడే వాని మాటలు గూడ పోయినయ్. వాడు నన్ను ఎట్ల పిలుస్తుండెనో ఇప్పుడు యాదికి రాదు" అన్నది.

"అందుకే తియ్యమంటున్న అమ్మా."

"పోతే పోయినయ్. నేను తియ్య. అది లేనప్పుడు నేనెట్ల బతికిన్నో మీరు చూడలే."

ఇందుమతి ఫోన్ పెట్టేసి, నివేదికలో ఆ నంబరు ఎదురుగా 'ఒప్పుకోలేదు' అని రాసింది.

మెదడు నేర్చుకున్నది మరవాలంటే ఒక దారి ఉంది. పట్టీని తిరగేసి నడిపించాలి. మూసిన దారిని తెరవమని రోజుకు రెండు గంటల చొప్పున నచ్చజెప్పాలి. కానీ దారి ఒక్కటే. తెరిస్తే కూతురు ఒక్కతే రాదు.

ఇందుమతి ఆ సంగతి భర్తకు మేడ మీద గోంగూర కుండీల దగ్గర చెప్పింది. ఆయన ఆకులు తెంపుతూ విన్నాడు.

"ఆ పిల్ల గూడ వస్తదంటవ్."

"వస్తది. ఆమెనే ముందు రావచ్చు. ఆలోచించుకోండి. తొందరేం లేదు."

"ఆలోచించేది ఏమున్నది?" అన్నాడు సారంగపాణి. "రెండు గంటలు నా బిడ్డ తలుపు కొడ్తాంటే నేను చిక్కుడుకాయలు గిచ్చుకుంట కూసున్న. అప్పుడు ఆ తల్లికి చేసిందే మల్ల చేసిన. తెలిసి ఇంకోపాలి చెయ్యలేను." తెంపిన ఆకులు ఆమె చేతిలో పెట్టి, "రేపు పొద్దున్నే పోదాం" అన్నాడు.

మూడో రోజు ఆ పిల్ల వచ్చింది. బస్సులో కిటికీ పక్కన కూర్చున్న సారంగపాణి ఒక్కసారిగా ముందు సీటు కడ్డీ పట్టుకున్నాడు. ఆయన చెప్పక్కర్లేకుండానే ఇందుమతికి తెలిసింది. ఎప్పటిలాగే అదే మాట, అదే గొంతు. ఆయన మళ్లీ పళ్లెం సగంలో వదిలెయ్యడం మొదలైంది. రుత్విక గొంతు మాత్రం ఇంకా రాలేదు. రుత్విక ఒక పలక సంపాదించి, తండ్రితో చెప్పాల్సినవన్నీ దాని మీద రాసి చూపించేది. 'పది రూపాయలు', 'రేపు బడిల ఫొటో', 'ఆకలి'. నాలుగో రోజు నుంచి రాయడం తగ్గించింది. ఐదో రోజు అసలు రాయలేదు.

ఆరో రోజు ఉదయం ఇందుమతి కూతురికి జడ వేస్తుంటే రుత్విక అలవాటుగా, ఎవరినీ ఉద్దేశించకుండా, "నా టిఫిన్ డబ్బ మూత ఎక్కడున్నది?" అన్నది. గుమ్మంలో బూట్లు తొడుక్కుంటున్న సారంగపాణి తల తిప్పాడు.

"గ్యాస్‌బండ పక్కకున్నది" అన్నాడు.

రుత్విక సగం వేసిన జడతోనే పోయి తండ్రి మెడకు చుట్టుకుంది. "ఇనవడ్డదా? నేను అన్నది ఇనవడ్డదా?" అని అడుగుతూనే ఉంది. "ఇనవడ్డది బిడ్డా" అని ఆయన వీపు నిమిరాడు. కూతురి భుజం మీదుగా ఆయన ముఖం ఇందుమతికి కనిపించింది. అందులో సంతోషం కోసం వెతికింది, దొరకలేదు. అలసట అనుకుని సర్దుకుంది.

ఆ వారమంతా రుత్విక తండ్రిని వదలలేదు. పాఠాలు చదివి వినిపించింది, బడిలో ఎవరు ఎవరిని గిల్లారో చెప్పింది, లెక్కలు పైకి చేసింది. ఆయన పేపరు పక్కన పడేసి విన్నాడు. పిల్ల ఆగితే, "ఇంకా చెప్పు" అన్నాడు. ప్రయోగం ఆగిపోయింది. ఇందుమతిని ఉద్యోగంలోంచి తీసేశారు. చెవిమిషన్లు అమ్మే దుకాణంలో ఆమె వినికిడి పరీక్షలు చేసే పనికి కుదిరింది. అదేమంత బాధ అనిపించలేదు.

వారం తర్వాత ఒక సాయంత్రం మేడ మీద ఆరిన బట్టలు తీస్తుంటే, సారంగపాణి దుప్పటి రెండో కొస పట్టుకుని నిలబడ్డాడు.

"నీకొకటి చెప్పాలె" అన్నాడు. "అది రుత్విక గొంతు కాదు."

"ఏ గొంతు?" అన్నది ఇందుమతి.

"మాటలు మన బిడ్డయే. గొంతు ఆ పిల్లది. మొదటిరోజు నుంచి అంతే. పాత వీడియోలు గూడ పెట్టుకుని ఇన్న. పుట్టినరోజు నాడు కేకు కోసేది, అమ్మమ్మ ఇంట్ల పాట పాడేది. అన్నిట్ల ఆ పిల్లనే."

ఆమెకు అర్థం కావడానికి ఎక్కువసేపు పట్టలేదు. దారి తెరుచుకుంది. కానీ దాని మీద రెండు గొంతులుండేవి. ఒకదాని మీద ఒకటి పెట్టి నేర్పించింది తనే. తుడిచిపెట్టుకుపోయినచోట మెదడు తనకు గట్టిగా గుర్తున్న గొంతునే నిలబెట్టుకుంది.

"పరీక్ష చేద్దాం. ఏదన్నా..." అంటూ ఆగిపోయింది. ప్రయోగశాల లేదు. ఉన్నా, పోయిన గొంతుకు నమూనా ఆయనలో ఎక్కడా మిగల్లేదు.

"రుత్వికకు చెప్పకు" అన్నాడు. "ఎన్నటికీ చెప్పకు."

"చెప్పను."

దుప్పటిని ఇద్దరూ కలిపి మడిచారు. ఆయన పిట్టగోడకు ఆనుకుని కూర్చున్నాడు.

"రెండేండ్లు ఆ గొంతుల ఒక్కటే మాట ఇన్న. ఇప్పుడు అదే గొంతు టిఫిన్ డబ్బ మూత అడుగుతాంది. పదమూడో ఎక్కం చెప్తాంది. నిన్న నవ్వింది కూడ. ఆ పిల్ల నవ్వితే ఎట్లుంటదో నేనెన్నడూ ఇనలే. ఒక్కోపాలి ఇంటాంటే మంచిగనే అనిపిస్తది. అనిపించినందుకు భయమైతది. మన బిడ్డ ఎదురుంగ ఉండంగనే ఇట్లెట్ల అనిపిస్తది?"

ఇందుమతి పక్కన కూర్చుని ఆయన చెయ్యి పట్టుకుంది. కింద వీధిలో పిల్లలు ఆడుతున్నారు. అందులో రుత్విక కూడా ఉంది. ఎవరినో దొంగవు నువ్వంటే నువ్వని గదమాయిస్తోంది.

"ఇందూ, గొంతుల సంగతి నీకు తెలుసు గదా" అన్నాడు సారంగపాణి. "మన బిడ్డ గొంతు ఎట్లుంటదో నాకు చెప్పు."

ఆమె కళ్ల ముందు గీత మెదిలింది. ఎక్కడ లేస్తుందో, ఎక్కడ పడుతుందో, మాట చివర ఎంత సన్నబడుతుందో ఆమెకు అంకెలతో సహా తెలుసు. "కొంచెం సన్నగ ఉంటది" అన్నది. ఆయన ఎదురుచూశాడు. "'నాన్నా' అనేటప్పుడు చివర్ల కొంచెం పైకి పోతది." అది కూడా చాల్లేదు. గొంతు సవరించుకుని, కూతురిలాగా ఒకసారి "నాన్నా" అని పిలిచి చూసింది. నలభై ఏళ్ల ఆడమనిషి గొంతే వచ్చింది. సిగ్గుపడి ఆగింది.

"ఇంకోపాలి అను" అన్నాడు సారంగపాణి, కళ్లు మూసుకుని.

ఆమె మళ్లీ అన్నది.